కాలవ గట్టు కింద తాటి తూము

చిన్న అబద్ధమే. పలకడానికి ఒక్క ఊపిరి చాలింది. దాన్ని మోస్తూ ఎనిమిదేళ్ళు బతికాను. నా భార్యతో చెప్పలేదు. దేవుడి ముందు దీపం వెలిగించి కూర్చున్నప్పుడు కూడా పెదవి కదిపి పైకి అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలనేమో అనిపిస్తోంది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఈసారి కూడా మాట మార్చేస్తానని నా భయం.

నేను పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పాలకొల్లుకీ నరసాపురానికీ నడుమ, పంటకాలవ గట్టును ఆనుకుని ఉన్న ఊరు మాది. ఏ సంగతైనా తేదీ వేసి రాసిపెట్టుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. ఊళ్ళో ఎవరికి అర్జీ కావలసివచ్చినా మా అరుగు మీదికి వచ్చేవారు. నేను రాసిన అర్జీకి జవాబు రాకపోతే మళ్ళీ రాసేవాణ్ణి, అదీ రాకపోతే రిజిస్టరు చేసి రాసేవాణ్ణి. కాబట్టి నాకు చేతనైన పద్ధతిలోనే మొదలుపెడతాను. ఆ రోజుల్లో గట్టు మీది ఇళ్ళవాళ్ళందరి సంతకాలతో, వేలిముద్రలతో, నేను ఇరిగేషన్ ఆఫీసుకు పంపిన అర్జీలో మేము పడ్డ బాధల పట్టిక ఇలా ఉండేది.

1978 జూన్: దమ్ముకు పోవు ట్రాక్టర్లు పొలములో దిగుటకు తగిలించు ఇనుప చక్రములను విప్పకయే గట్టు మీద నడిచినవి. గట్టు పొడవునా గాళ్ళు పడినవి.

1978 ఆగస్టు: సదరు గాళ్ళలో నీరు నిలిచి, సైకిలు మీద పాలు తీసుకుపోవు వ్యక్తి జారి కాలవలో పడెను. మనిషి దక్కెను. పాలు పోయినవి.

1979 మార్చి: ట్రాక్టర్లు లేపిన దుమ్ము వలన అరుగుల మీద స్త్రీలు అల్లుకొనుచున్న లేసు మాసిపోయినది. నరసాపురం వ్యాపారి మాసిన లేసు పుచ్చుకొనక తిప్పి పంపెను.

1979 జూలై: నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి తీసుకుపోవు రిక్షా బురదలో దిగబడెను. నలుగురు మోసి రోడ్డు ఎక్కించవలసి వచ్చెను.

1979 డిసెంబరు: వరిమోపులు నింపిన ట్రక్కు రాసుకొని రెండు ఇళ్ళ చూరులు విరిగినవి.

1980 మే: అర్జీదారు కొబ్బరితోట ఎదుట గట్టు జానెడు లోతు కుంగినది. ట్రాక్టర్ల బరువే ఇందుకు కారణము.

ఈ పట్టికలో చివరిది తప్ప మిగిలినవన్నీ నిజం.

అవి నిజమని నేను ఇప్పటికీ పట్టుబట్టి చెబుతాను. ఆ గట్టు మనుషులు నడవడానికి, సైకిళ్ళు పోవడానికి, మహా అయితే ఒక రిక్షా పోవడానికి వేసిన గట్టు. ఆసాములు డీజిలు మిగుల్చుకోవడం కోసం, లాకుల వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవలసిన ట్రాక్టర్లను మా గుమ్మాల ముందునుంచి తోలించేవారు. ఇనుప చక్రాలు విప్పి మళ్ళీ బిగించడానికి పొద్దు పోతుందని వాటితోనే పోనిచ్చేవారు. లేసు తెల్లగా ఉంటేనే కొంటారు. గట్టు మీది ఆడవాళ్ళకు చేతిలో ఆడే డబ్బు ఆ లేసు మీద వచ్చేదే. దుమ్ము పడిన లేసును ఉతికితే దారం మెరుపు పోతుంది. అది చూసి నా రక్తం ఉడికేది. ఆ ఉడుకు దొంగది కాదు. కనీసం మొదట్లో కాదు.

ట్రాక్టర్లు తోలేవాళ్ళలో యేసుపాదం అని ఒక కుర్రవాడు ఉండేవాడు. కుర్రవాడంటే ముప్పై ఏళ్ళవాడే. పక్క ఊరి ఆసామి దగ్గర డ్రైవరు. చర్చి వెనక పేటలో ఇల్లు. భార్య సువార్తమ్మ, ఆమె కూడా లేసు అల్లేది. మిగతా డ్రైవర్లు మమ్మల్ని చూసి హారన్ ఇంకా గట్టిగా కొట్టేవాళ్ళు. ఇతను ఇళ్ళ ముందుకు రాగానే వేగం తగ్గించేవాడు. తగ్గించినా దుమ్ము లేవక మానదు. ఒకనాడు అరుగు మీదినుంచి ఒక ముసలావిడ కేకేసింది.

"ఒరే యేసుపాదం, నీ బండి మా కొంపల మీంచే పోవాలంట్రా?"

"నీ లేసుకి ఊరకే రంగేత్తన్నాను కదా పిన్నమ్మా! కూలి కూడా అడగట్లేదు."

"నీ రంగు నీ పెళ్ళాం లేసుకి వేసుకోరా, నరసాపురంలో ఎగబడి కొంటారు."

అరుగులన్నీ నవ్వాయి. అతనూ నవ్వాడు. నేను నవ్వలేదు. పుస్తకం తీసి వేళా, బండి వివరమూ రాసుకుంటున్నాను. అతను నా ముందు బండి ఆపి, "ఆయ్, మేష్టారండీ, ఇయ్యాల కూడా నా పేరు రాశారాండీ?" అన్నాడు. రాశానన్నాను. "తప్పుల్లేకుండా రాయండేం. మా ఆవిడకి చదువు రాదు గానీ, తప్పుంటే మటుకు పట్టేత్తాది" అని పోయాడు. ఆ మాట మీద నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చింది? అతను నన్ను గౌరవిస్తూనే నవ్వగలగడం నాకు నచ్చలేదనుకుంటాను.

ఇప్పుడు ఆ చివరి అంశం సంగతి.

మా కొబ్బరితోట పక్కన నాకు కొద్దిపాటి వరిచేను ఉంది. గట్టుకు దిగువనే ఉన్నా, నీళ్ళు రావలసిన పంటబోదె మాత్రం ఎక్కడో పైనుంచి అందరి చేలూ తిరిగి చివరికి నా చేనుకు వచ్చేది. పైవాళ్ళు తడుపుకున్నాక నాకు మిగిలేది తడి మట్టి. కాలవ నిండా నీళ్ళు కళ్ళెదుట పారుతుంటే నా నారు ఎర్రబడేది. అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు. ఒక వేసవిలో, కాలవలు కట్టేసి అడుగు బయటపడినప్పుడు, మిట్టమధ్యాహ్నం ఎండకు ఊరంతా తలుపులు వేసుకున్న వేళ, ఒక కూలిమనిషిని పెట్టుకుని తోట ఎదుట గట్టును అడ్డంగా తవ్వించాను. నడుమ తొలిచిన తాటిమానును అందులో పడుకోబెట్టి మట్టి కప్పించాను. ఒక మూతి కాలవలోకి, ఒక మూతి నా చేనులోకి. మా వైపు ఇలాంటి వాటిని దొంగతూములంటారు. నా ఒక్కడిదే కాదు, కాలవ పొడవునా ఎన్ని ఉన్నాయో పైవాడికే తెలియాలి. గట్టు కాపలా చూసే లస్కరు అప్పుడప్పుడూ మా తోటలో కొబ్బరిబోండాలు తాగి పోయేవాడు. నీళ్ళు అక్కర్లేనప్పుడు రెండు మూతుల్లోనూ గడ్డి, బంకమట్టి కూరేవాణ్ణి.

తరువాత కొన్నేళ్ళకు బోదె బాగుచేశారు. నాకు వంతు నీళ్ళు సరిగా వచ్చాయి. తూముతో పని లేకపోయింది. తీసెయ్యాలంటే గట్టు మళ్ళీ తవ్వాలి, తవ్వితే నలుగురూ చూస్తారు. రెండు మూతులూ శాశ్వతంగా మూసి వదిలేశాను. పైన గడ్డి మొలిచింది. మరిచిపోయాను కూడా. నిజంగా మరిచిపోయానా? ఆ చోటు దాటేటప్పుడు నా కాలు నాకు తెలియకుండానే పక్కకు పడేది. మరిచిపోయినవాడి కాలు అలా పడుతుందా?

తడిసి, ఎండి, ఆ మాను లోపల్లోపలే చివికిపోయింది. ఎనభై వేసవిలో ఆ చోట గట్టు మీద ఒక గుంట కనబడింది. చూడగానే నాకు తెలిసింది. చెదపట్టిన కొబ్బరి డొక్కలూ మట్టీ తెచ్చి నేనే పూడ్చి, కాలితో తొక్కి, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, తయారవుతున్న అర్జీలో ఆ చివరి అంశం చేర్చాను. నా తూము కుంగదీసిన గట్టును ట్రాక్టరు కుంగదీసిందని రాశాను. ఒక్క కొట్టివేతా లేకుండా రాశాను. నాకు గుర్తుంది. కొట్టేసి ఉంటే బాగుండేది.

అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక అబద్ధపు అర్జీ మాత్రమే అయి ఉండేది. ఆగలేదు.

జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలారు. నాట్లకు ముందు మడి బురదగా దున్నే దమ్ము పనులు అందరికీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అర్జీ ఆఫీసులో ఉంది, ఉత్తర్వు ఇంకా రాలేదు. ఒకనాటి మధ్యాహ్నం యేసుపాదం సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. అరుగు ఎక్కలేదు. కింద నిలబడి మాట్లాడాడు. ఆ మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి. ఎక్కడా రాసుకోకుండా గుర్తుంచుకున్నవి నా జీవితంలో ఇవే.

"కోప్పడకండి మేష్టారండీ. ఒక్కమాట అడిగి పోతాను."

"అడుగు."

"రేప్పొద్దున గట్టు మీంచే దమ్ముకి పోవాలండి. చుట్టూ తిరిగెళ్తే డీజిలివ్వనంటన్నాడు మా ఆసామి. మీ అర్జీకి ఆర్డరు రాలేదు కదండీ ఇంకా?"

"రాలేదు. రానంతమాత్రాన తప్పు ఒప్పయిపోదు."

"తప్పేనండి. నేను కాదన్లేదు. ఆసామి మాట కాదంటే ఆ బండి ఇంకోడు తోల్తాడు, వాడు మీ అరుగుల కాడ వేగం కూడా తగ్గించడు." తల గోక్కున్నాడు. "మీ తోట ఎదర గట్టు కుంగిందండి. నిన్న నడిచి చూశాను. మడమతో కొడితే లోపల డొల్లలాగా మోగింది. పొద్దున్నే ఓసారి గునపమేసి చూసి, మట్టి దిమ్మిస కొట్టి, పైన పలకలేసుకుని దాటిద్దామనుకుంటున్నానండి. మీరు రోజూ తిరిగే చోటు కదా. అక్కడ కిందేవన్నా ఉందాండీ?"

కింద ఏమన్నా ఉందా అని అడిగాడు. అంత సూటిగా ఆ తరువాత నన్ను ఎవరూ అడగలేదు, విచారణకు వచ్చిన అధికారితో సహా.

"ఏముంటుంది? మట్టి. నేనే పోయించాను. గట్టిగానే ఉంది."

"డొల్లగా ఉందనిపిచ్చిందండి..."

"గట్టిగానే ఉందంటున్నాను కదా. నువ్వు గానీ గునపం పెట్టావంటే, గట్టు తవ్వాడని నీ పేరు మీద వేరే అర్జీ పెడతాను. జైలుకి పోతావు."

అతను భయపడినట్టు రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. "అయ్యబాబోయ్, వద్దండి. మీరు గట్టిగా ఉందన్నారంటే రాసిచ్చినట్టేనండి మాకు." సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

గొలుసు వదులై ఉంది ఆ సైకిలుకి. గట్టు మలుపు దాకా చప్పుడు వినబడుతూనే ఉంది. నేను పిలవవచ్చు. "ఒరే, ఆగు" అంటే చాలు. కారణం చెప్పనక్కర్లేదు, చుట్టూ తిరిగి పో, డీజిలు ఖర్చు నేనిస్తాను అంటే చాలు. చర్చి వెనక పేటకు నడిచి వెళ్ళడానికి సాయంత్రమంతా ఉంది నాకు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఎన్నో విధాలుగా నాకు నేను చెప్పుకున్నాను. తవ్వితే తాటిమాను బయటపడుతుంది, దొంగతూము వేసినవాడే ట్రాక్టర్ల మీద అర్జీ పెట్టాడంటారు, అర్జీ మొత్తం చెత్తబుట్టలో పడుతుంది, అరుగుల మీద ఆడవాళ్ళ లేసు మాసిపోతూనే ఉంటుంది, కాబట్టి నేను మౌనంగా ఉండడం ఊరి మేలు కోసమే అని ఒక వాదన. చాలాకాలం ఈ వాదన వెనక దాక్కున్నాను. ఊరి మేలే అయితే ఆ చివరి అంశాన్ని కొట్టేసి, మిగతావాటితో అర్జీ పంపి ఉండవచ్చు కదా? ఊళ్ళో ఇరవై ముప్పై ఏళ్ళుగా నిజాయితీకి నా పేరు చెప్పుకునేవాళ్ళు. నేను కాపాడుకున్నది దాన్ని.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయాలా వద్దా అని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ సాయంత్రం, ఒక్క క్షణం, నాకు ఒక ఆలోచన వచ్చింది. రేపు ఆ బండి అక్కడ కూరుకుపోతే మంచిదే. ఆఫీసువాళ్ళు వచ్చి కళ్ళతో చూస్తారు. అర్జీకి బలం వస్తుంది. కూరుకుపోతుందనే అనుకున్నాను. తిరగబడుతుందని అనుకోలేదు. ఈ రెండింటికీ తేడా ఉందని ఎనిమిదేళ్ళుగా నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను. ఉందా?

మర్నాడు పొద్దున్న నేను తోటలో రాలిన మట్టలు ఏరుతున్నాను. బండి చప్పుడు దూరాన వినబడింది. ఇళ్ళ దగ్గరికి రాగానే అలవాటు ప్రకారం నెమ్మదించింది. మళ్ళీ పుంజుకుంది. తోట ఎదుటికి వచ్చింది. ఒక మెత్తటి చప్పుడు, తడిమట్టి గోడ జారినట్టు. ఆ వెంటనే నీళ్ళ చప్పుడు. నేను తల ఎత్తేసరికి గట్టు మీద బండి లేదు.

కాలవవైపు గట్టు ఊడిపోయి ఉంది. బండి తలకిందులుగా నీళ్ళలో పడి ఉంది. పైకి తేలిన ఇనుప చక్రం ఒకటి తిరుగుతూనే ఉంది, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు నెమ్మదిగా. అతను కనబడలేదు. అరుగుల మీది ఆడవాళ్ళు అల్లికలు పారేసి పరిగెత్తుకొచ్చారు. మగవాళ్ళు దూకారు. నేనూ దిగాను. మోకాలి లోతు వరకు దిగి అక్కడే నిలబడిపోయాను. గట్టు తెగినచోట, మట్టిలోంచి నా తాటిమాను మూతి కనబడుతోంది, నల్లగా, చివికి. అతను బండి కింద ఉంటే నేను చూస్తున్నది దాన్ని. ఎవరైనా చూశారా అని చూస్తున్నాను. దేవుడు నన్ను క్షమించనక్కర్లేదు. నేను ఆ క్షణంలో చూసింది అదే.

మోకులు కట్టి ఎద్దులతో లాగించాక అతన్ని బయటికి తీశారు. ఊపిరి లేదు. అతన్ని వెక్కిరించిన ముసలావిడే తన చెంగుతో మొహం మీది బురద తుడిచింది.

కాలవ తెగిపోకుండా ఆ పూటే గండి పూడ్చడం మొదలుపెట్టారు. బస్తాలు వేస్తున్న కూలివాడు ఒకడు చేతికి తగిలిన మొద్దును పైకి లాగి, "ఇదేంటండీ మేష్టారూ, లోపల బోలుగా ఉంది?" అన్నాడు. "పాత రేవు మొద్దు అయ్యుంటుంది" అన్నాను. అతను దాన్ని మా తోట గోడవైపు విసిరి మళ్ళీ పనిలో పడ్డాడు. కొన్నాళ్ళకు అది ఎండింది. మా ఇంటి పనిమనిషి పుల్లల్లో కలిపి లోపలికి తెచ్చింది. నీళ్ళకాగు కింద అది మండుతుంటే చూశాను. వద్దనడానికి కారణం ఏమని చెప్పను? ఆ నీళ్ళే పోసుకున్నాను. ఆ వేడి ఇప్పటికీ వీపు మీద ఉన్నట్టుంటుంది. ఈ ఎనిమిదేళ్ళుగా వేన్నీళ్ళు పోసుకోను. వాతానికి చన్నీళ్ళు మంచిది కాదని మా ఆవిడ సణుగుతుంది.

విచారణకు ఆఫీసునుంచి ఒకాయన వచ్చాడు. నా పుస్తకం చూసి, ఇంత పద్ధతిగా రాసినవాళ్ళను తాను చూడలేదన్నాడు. నా వాంగ్మూలం నేనే రాసిచ్చాను. "గట్టు మీద ట్రాక్టరు నడపరాదని మృతుని పలుమార్లు హెచ్చరించితిని. వినిపించుకొనక నడిపెను." చూడండి, ఇందులో ఒక్క అబద్ధం లేదు. పలుమార్లు హెచ్చరించిన మాట నిజం. ముందురోజు మధ్యాహ్నం గట్టిగా ఉందన్న మాట ఇందులో లేదు, అంతే. ఎన్నో ఏళ్ళు అక్షరాలతో బతికినవాణ్ణి, అక్షరం ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. డ్రైవరు అజాగ్రత్త అని తేల్చారు. వారాల్లోనే ఉత్తర్వు వచ్చింది. గట్టుకు రెండు కొసల్లోనూ అడ్డంగా రాళ్ళు పాతారు. ట్రాక్టర్లు ఆగిపోయాయి. మా గట్టువాళ్ళు ఒక సాయంత్రం చిన్న సభ పెట్టి నా మెడలో బంతిపూల దండ వేశారు. నేను తల వంచాను. వినయమనుకున్నారు.

ఆ తరువాత సువార్తమ్మ వచ్చింది. తెల్లచీర కట్టుకుని, చంటిదాన్ని చంకనేసుకుని. ప్రభుత్వ సహాయం కోసం అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. ఊళ్ళో అర్జీ రాసేది నేనే కదా. కాగితం తీశాను. వివరాలు అడుగుతున్నాను. మధ్యలో ఆమె అంది:

"మిమ్మల్నడిగే వెళ్ళాడండి. మేష్టారు గట్టిగా ఉందన్నారే, ఇంక బెంగ లేదే, అన్నాడండి రాత్రి అన్నం తింటా."

నా కలం ఆగిపోయింది. ఆమెకు తెలుసు. ఆ మాట ఆమెకు తెలుసు. ఇంక దాచడానికి ఏమీ లేదు, నోరు తెరిస్తే చాలు అనుకున్నాను. తెరిచే లోపల ఆమే అంది:

"మీకు మాత్రం ఏం తెలుత్తుందండి, మట్టి లోపలి సంగతి. మీరు బాధపడకండి."

నన్ను ఓదార్చింది. నేను ఓదార్పు పుచ్చుకున్నాను. పుచ్చుకుని, "వయసు?" అని తరువాతి వివరం అడిగాను.

ఆ అర్జీకి జవాబు వచ్చింది. హెచ్చరికలను పెడచెవిని పెట్టి మృతుడు తన అజాగ్రత్త వల్లనే మరణించినందున సహాయానికి అర్హత లేదని. నా వాంగ్మూలంలోని మాటలే, నా వరసలోనే. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. కారణం ఉన్న వాక్యాన్ని దాటేసి, "ఇవ్వడానికి వీలుపడదన్నారమ్మా" అన్నాను. "పోన్లెండి, మీరు చెయ్యాల్సింది చేశారు" అని ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. తన మొగుడి చావుకు తన మొగుడే కారణమని రాసి ఉన్న కాగితాన్ని ఆమె ఇప్పటికీ దాచుకునే ఉంటుంది. ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఒకరోజు ఆమెకు దాన్ని పూర్తిగా చదివి పెడతారు. ఆ రోజు ఆమె నా మాటకు, ఆ కాగితానికి మధ్య ఏం ఆలోచిస్తుందో ఊహించబోయి ప్రతిసారీ మధ్యలోనే వదిలేస్తాను.

ఆమె తరువాత నరసాపురంలో తన అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. లేసు అల్లుకునే బతుకుతోందని విన్నాను. చూడడానికి వెళ్ళలేదు. ఒకసారి నరసాపురం బస్టాండులో ఒక స్త్రీ సూదితో అల్లుకుంటూ కూర్చుని ఉంటే, ఆమేనేమోనని బస్సు దిగినవాణ్ణి దిగినట్టే పక్కవీధిలోకి పోయి నిలబడిపోయాను. ఆమె కాదు. అయినా ఆ రోజు పని చూసుకోకుండా ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు మా గట్టు ప్రశాంతంగా ఉంది. ఆడవాళ్ళు అరుగుల మీద తెల్లటి లేసు అల్లుతున్నారు. పాలసైకిళ్ళు జారిపడడం లేదు. మేము అడిగినది న్యాయమే, అది దక్కింది. దాన్ని తప్పు పట్టను. కానీ ఏటా జూన్‌లో కాలవకు నీళ్ళు వదిలిన రోజున నేను ఇంట్లో ఉండలేను, గట్టు మీదా ఉండలేను. నీళ్ళు నిండుతున్నకొద్దీ ఆ చోట మట్టిని ఎవరో మడమతో కొడుతున్నట్టు వినబడుతుంది. డొల్లలాగా ఉందండి, అంటాడు. నేను ఇంకా జవాబు చెబుతూనే ఉన్నాను.

ఎందుకు ఇప్పుడు? కొత్త కారణమేమీ లేదు. వయసు మీద పడింది, అంతే. నేను పోతే, పుస్తకాలన్నీ తిరగేసి, మేష్టారు ఎంత నిక్కచ్చిగా బతికాడో అంటారు. ఆ మాట అనకుండా ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. సువార్తమ్మ దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పడితే ఆమె మళ్ళీ నన్ను ఓదారుస్తుంది. ఆ ఓదార్పు ఇంకోసారి పుచ్చుకోవడానికి నాకు హక్కు లేదు. అందుకని ఆమెను క్షమాపణ అడగడం లేదు. మిమ్మల్నీ అడగడం లేదు. చెప్పాను. చెబుతున్నంతసేపూ గుండెల మీద ఏదో కొద్దిగా జరిగినట్టుంది. అంతకుమించి ఏమీ రాలేదు. అదే నాకు ఎక్కువ.

ఇక్కడ నా పేరు రాయలేదు. ఇరిగేషన్ ఆఫీసుకు ఈ ఉదయం పంపిన కాగితంలో మాత్రం పేరు, తండ్రి పేరు, ఊరు, సంతకం అన్నీ ఉన్నాయి. దాని చివరి భాగం ఇది.

"కావున సదరు గట్టు తెగిపోవుటకు కారణము అర్జీదారు అక్రమముగా వేసి, చివికిన పిమ్మట కూడ తీయక దాచిన తాటి తూము అనియు, దాని సంగతి మృతుడు ముందురోజున సూటిగా అడిగినను అర్జీదారు అబద్ధమాడి, తవ్వి చూడనీయక బెదిరించెననియు ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. నా పూర్వపు వాంగ్మూలమును రద్దుచేసి, మృతునిపై మోపిన అజాగ్రత్త అను మాటను దస్త్రములనుండి కొట్టివేయవలెను. ఆయన భార్య పెట్టుకొన్న సహాయపు అర్జీని తిరిగి విచారించవలెను. నాపై తీసుకొనదగిన చర్య తీసుకొనవలెను. గట్టు మీద ట్రాక్టర్ల నిషేధము మాత్రము ఎత్తివేయరాదు. అందుకు గట్టువాసులు చూపిన తక్కిన కారణములన్నియు యథార్థములు.

ఈ విషయమై మీ నిర్ణయమును రాతపూర్వకముగా, రిజిస్టరు పోస్టులో, ఆమె పేరు మీద నరసాపురమునకు పంపవలెను. దానిని ఆమెకు మొదటినుండి చివరివరకు, ఒక్క వాక్యమైనను దాటవేయక చదివి వినిపించుటకు మీ ఉద్యోగి నొకరిని పంపవలెనని గట్టిగా కోరుచున్నాను. జవాబు రానిచో మరల వ్రాయుదును."